కుక్కకి జలుబా? డాక్టరెందుకు, నేనున్నాగా!

సంక్రాంతి వెళ్ళిన వారానికి నాకు గిరాకీ మొదలవుతుంది. భోగి ముందురోజుకల్లా హైదరాబాదు సగం ఖాళీ. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. ఆ కార్లలో అత్తగారికి కొన్న చీరలకి చోటుంటుంది, పిల్లల గాలిపటాలకి చోటుంటుంది, కుక్కకి మాత్రం ఉండదు. దాన్ని బోర్డింగులో దింపేసి వెళ్తారు. కనుమ నాడు ఊళ్ళో పశువుల కొమ్ములకి రంగులేసి దణ్ణం పెట్టుకునే వేళకి, మన బ్రూనోగాడు ఇక్కడ ముక్కూమొహం తెలియని పాతిక కుక్కలతో ఒకే షెడ్డులో, ఒకే గాలి పీలుస్తూ, ఒకే గిన్నెలో నీళ్ళు తాగుతూ పండగ చేసుకుంటూ ఉంటాడు.

అందరూ తిరిగొచ్చాక మూడో రోజుకో పదో రోజుకో దగ్గు మొదలవుతుంది. తెల్లారేసరికి మా గుమ్మం ముందు ఎవరో ఒకరు ప్రత్యక్షం. "అంకుల్, మావాడికి జలుబు చేసినట్టుంది, ఏం వెయ్యమంటారు?"

పశువైద్యం నేను చదవలేదు. చదివినవాళ్ళని చూశాను. అయిదున్నరేళ్ళు చదివి కూడా వాళ్ళు "ఒకసారి తీసుకురండి, చూస్తేగానీ చెప్పలేం" అంటారు. నేను చూడకుండానే చెప్పగలను. అదీ తేడా. అయితే ఈ ఏడు అడిగేవాళ్ళు మరీ ఎక్కువైపోయారు. ఫ్లోరుకో కుక్క, కుక్కకో దగ్గు. విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసిపెడుతున్నాను. కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

గొంతులో ఎముక

ఈ దగ్గు మనిషి దగ్గులా ఉండదు. బాతు అరిచినట్టు పొడిగా, గట్టిగా, వరసగా వస్తుంది. చివర్లో కుక్క మెడ చాచి డోకి, ఇంత తెల్లటి నురగ కక్కుతుంది. చూసినవాళ్ళెవరికైనా అనిపించేది ఒకటే: ఎముక ఇరుక్కుంది. నిన్న ఆదివారం, ఇంట్లో చికెన్ వండారు. ఇంకేం, సాక్ష్యం కూడా దొరికింది.

ఇద్దరు నోరు తెరిచి పట్టుకోండి. మూడోవారు సెల్‌ఫోన్ టార్చి కొట్టండి. నాలుగోవారు వేలు లోపలికి పెట్టండి. నాలుగోవారిగా ఎప్పుడూ బావగారిని పెట్టుకోవడం మంచిది. కుక్క కరిస్తే గవర్నమెంటు ఆస్పత్రిలో యాంటీరేబిస్ టీకాకి ఆయనే తిరుగుతారు: మొదటి రోజు, మళ్ళీ 3, 7, 28 రోజులకి.

వేలికి ఎముక తగల్లేదంటే ఇంకా లోపలికి జారిందన్నమాట. చేపముల్లు గుచ్చుకుంటే మన అమ్మమ్మలు చేయించిన వైద్యం ఉండనే ఉంది. పొడి అన్నం ముద్ద తీసుకుని, దగ్గుతున్న కుక్క నోట్లో కుక్కండి. మింగితే కడుపులోకి పోతుంది, దగ్గుతూ పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎటైనా లోపలికే కదా.

డాక్టర్లు ఇంత శ్రమ పడరు. మెడ దగ్గర శ్వాసనాళాన్ని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కుతారు. అదే దగ్గు మళ్ళీ వస్తే లోపల నాళం వాచి చిరాకుగా ఉందని అర్థం చేసుకుంటారు. నిజంగా ఏదైనా ఇరుక్కున్న కుక్క మూతిని పంజాతో గోక్కుంటుంది, చొంగ కారుస్తుంది, మింగలేక అవస్థ పడుతుంది. మన బ్రూనో అయితే గిన్నె పెట్టగానే లొట్టలేసుకుని తిని, మూతి నాక్కుని, అప్పుడు దగ్గుతాడు. ఈ తేడా ఇంట్లోనే కూర్చుని కనిపెట్టొచ్చు గానీ, కనిపెట్టేస్తే బావగారి వేలికి పనుండదు.

ఈ దగ్గుని డాక్టర్లు కెన్నెల్ కాఫ్ అంటారు. ఒక్క క్రిమి పని కాదట, కూటమి అట. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్ రెండో రకం, మైకోప్లాస్మా, కుక్కలకే వచ్చే ఒక రకం శ్వాసకోశ కరోనా: వీటిలో ఒకటో, రెండో మూడో కలిసో వస్తాయి. మామూలుగా ఆరోగ్యంగా ఉండే పెద్ద కుక్కలో ఇది ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది.

ఆ చివరి వాక్యం దయచేసి ఎవరికీ చెప్పకండి. నా వృత్తి రహస్యం అదే. దానంతటదే తగ్గే రోగానికి ఏ మందు చెప్పినా పనిచేస్తుంది. తగ్గితే "అంకుల్ చెప్పిన కషాయం మహిమ" అంటారు. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పరిగెడతారు, అప్పుడు ఆ తప్పు డాక్టరుది.

మందుల డబ్బా

మనిషికి పనిచేసిన మందు కుక్కకి ఎందుకు పనిచెయ్యదు? కన్నబిడ్డలాగే పెంచుతున్నాం. సోఫా మీద పడుకుంటుంది, పుట్టినరోజుకి కేకు కోస్తున్నాం, కొందరైతే ఇంటిపేరు కూడా తగిలించారు. ఇంత చేశాక కూడా లివరు మాత్రం కుక్క లివరే ఉంచుకుంటానంటే ఎలా?

ఉంచుకుంటుంది, అదే దాని మొండితనం. పారాసిటమాల్‌ని మన లివరు తట్టుకున్నట్టు కుక్క లివరు తట్టుకోలేదు. మనకి మామూలైన 650 మాత్ర చిన్న కుక్కకి ప్రాణాంతకం కావచ్చు. లివరు దెబ్బతింటుంది, రక్తం ఆక్సిజన్ మోయడం మానేస్తుంది, చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే దానికి ఒక్క మాత్రే ఎక్కువ. ఒళ్ళునొప్పులకి వాడే ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుళ్ళు పుట్టించి, కిడ్నీల మీదికి పోతుంది. ఇవన్నీ నిజాలే, కాదనను. కానీ ఆదివారం రాత్రి తొమ్మిదింటికి చేతికందిన మందే మందు. జున్ను ముక్కలో పెడితే గుటుక్కున మింగేస్తుంది కూడా. ఎంత నమ్మకం మనమంటే!

దగ్గు సిరప్ విషయంలో సీసా మీద అక్షరాలు చదవకండి, కళ్ళు లాగుతాయి. చదివితే ఒకే సిరప్‌లో దగ్గు అణిచేది, ముక్కు దిబ్బడ తీసేది, జ్వరం తగ్గించేది మూడూ కలిసి ఉన్నట్టు తెలుస్తుంది. ముక్కు దిబ్బడ మందు కుక్క గుండెని పరుగులు పెట్టిస్తుంది. కఫం ఉన్న దగ్గుని అణిచేస్తే ఆ కఫం ఊపిరితిత్తుల్లోనే కాపురం పెడుతుంది. "షుగర్ ఫ్రీ" అని రాసి ఉన్నది దొరికితే మరీ ఆరోగ్యకరం అనుకుంటాం. అందులో తీపి కోసం జైలిటాల్ వేసి ఉంటే కుక్క రక్తంలో చక్కెర గంటలోపే పడిపోయి తూలుతుంది, మూర్ఛ వస్తుంది. అప్పుడు పక్కవాళ్ళకి "సిరప్‌తో హాయిగా నిద్రపోతోంది" అని చెప్పుకోవచ్చు.

పోయిన ఏడు పిల్లాడికి రాసిచ్చిన యాంటీబయాటిక్ స్ట్రిప్పులో నాలుగు మాత్రలు మిగిలి ఉంటాయి. ప్రతి తెలుగింట్లోనూ ఉంటాయి, నాకు తెలుసు. వైరస్ మీద అవి పనిచెయ్యవు. బాక్టీరియా అయినా తేలికపాటి కేసుల్లో చాలావరకు అవసరం పడవు. అవసరమైతే ఏది, కుక్క బరువుకి ఎంత, ఎన్నాళ్ళు అనేది డాక్టరు లెక్కగట్టి రాస్తారు. లెక్కలు మనకి చిన్నప్పుడే పడేవి కావు కదా, అందుకని మనం రెండు వేసి చూద్దాం. దగ్గు కాస్త తగ్గితే మిగతా రెండూ వచ్చే సంక్రాంతికి దాచుకోవచ్చు.

వంటింటి ఆస్పత్రి

ఇక్కడ మనల్ని కొట్టేవాళ్ళు లేరు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదన్నారు. ఆ తల్లి మనుషుల తల్లి అని సామెత కట్టినవాళ్ళు విడిగా చెప్పలేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చివైనా ఉడికించినవైనా, పొడి రూపంలో ఉన్నా, కుక్క రక్తంలోని ఎర్రకణాలని పగలగొడతాయి. ఫలితం వెంటనే కనబడదు, కొన్ని రోజులు పడుతుంది. అందుకే వెల్లుల్లి చారు మీద ఎవరికీ అనుమానం రాదు. మంచి మందుకి కావలసిన లక్షణమే అది.

మిరియాలు, పసుపు వేసిన పాలు పడితే పెద్ద కుక్కల్లో చాలావాటికి అవి అరక్క విరేచనాలు పట్టుకుంటాయి. దగ్గు సంగతి ఇంట్లో అందరూ మర్చిపోతారు. చెంచాడు బ్రాందీ సంగతి మా వీధి పెద్దలు కొందరు ఇప్పటికీ చెబుతారు. వాళ్ళు ఒకప్పుడు పసిపిల్లలకి కూడా అదే పట్టినవాళ్ళు. కుక్కకి ఒళ్ళు వెచ్చబడదు, చల్లబడుతుంది. శ్వాస మందగిస్తుంది. సీసాలో మిగిలినది ఏం చెయ్యాలో మాత్రం ఆ పెద్దలకి బాగా తెలుసు.

విక్స్ లాంటివి ముక్కు మీద, ఛాతీ మీద దట్టంగా పట్టించండి. కుక్క నాలుక చేరలేని చోటంటూ కుక్క ఒంటి మీద పెద్దగా లేదు. రాసింది రాసినట్టే నాకుతుంది. అందులోని కర్పూరం కడుపులోకి వెళ్తే వాంతులు, ఎక్కువైతే మూర్ఛలు. పైగా కుక్క వాసనతోనే అన్నం తింటుంది. ముక్కులో ఘాటు నింపేస్తే గిన్నె ముందు పెట్టినా అది అన్నమని తెలియదు. అప్పుడు "తిండి కూడా మానేసింది" అని నా దగ్గరికే వస్తారు, నాకు రెండో విడత గిరాకీ.

సాంబ్రాణి ధూపం వెయ్యండి, దోమలచుట్ట వెలిగించండి, కిటికీలు బిగించండి. వాచిన శ్వాసనాళానికి పొగ ఎంత హాయో సిగరెట్లు తాగే మావయ్యని అడిగితే చెబుతారు. ఇక ఆవిరి అంటారా, దుప్పటి ముసుగేసి మరిగే గిన్నె ముందు కుక్కని కూర్చోబెట్టండి. అది తన్నుకుని గిన్నె బోర్లా పడేదాకా ఆపకండి. మా ఆవిడ దీనికి వేరే పద్ధతి చెబుతుంది: బాత్రూములో వేడినీళ్ళ కుళాయి తిప్పి, తలుపేసి, ఆవిరి నిండాక కుక్కతో పాటు ఓ పది నిమిషాలు ఊరికే కూర్చోవడం, అన్నం గోరువెచ్చగా చేసి పెట్టడం, అంతే. వినడానికే ఎంత చప్పగా ఉంది! మందన్నాక కాస్త భయం పుట్టాలి.

ముక్కు తడి, థర్మామీటరు

ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యం, పొడిగా ఉంటే జ్వరం. ఇంతకి మించి పరీక్ష అక్కర్లేదు. ఎండలో పడుకున్నా, హీటరు దగ్గర పడుకున్నా, అప్పుడే నిద్ర లేచినా ముక్కు పొడిగానే ఉంటుందని వాదించేవాళ్ళని పట్టించుకోకండి.

థర్మామీటరు పెట్టి తీరాల్సిందే అనుకుంటే, అది పెట్టాల్సిన చోటు నోరు కాదు. అక్కడితో సగం మంది ఆగిపోతారు. ధైర్యం చేసినవాళ్ళకి నా సలహా: 98.6 దాటితే జ్వరం కింద లెక్కేసి మాత్ర వేసెయ్యండి. కుక్కకి మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. అంటే నా లెక్కన ఊళ్ళో ప్రతి కుక్కకీ, పుట్టిన దగ్గర్నుంచీ, జ్వరమే. నా గిరాకీ ఊరికే పెరగలేదు.

దగ్గు అందరిదీ

కుక్క దగ్గుతోందని ఇంట్లో కట్టేసుకుంటే దానికి బెంగ పుడుతుంది. సాయంత్రం పార్కుకి తీసుకెళ్ళండి, నలుగురితో ఆడించండి. మెడపట్టీ బిగించి, గొలుసు పట్టి లాగండి. గొంతు మీద ఒత్తిడి పడితే దగ్గు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. ఛాతీకి కట్టే హార్నెస్ వేస్తే ఆ సౌకర్యం పోతుంది. తుమ్ము తుంపర్లు, నాకుళ్ళు, నీళ్ళగిన్నెలు, బొమ్మలు, మన చేతులు, పంచె అంచు: ఏ దారినైనా ఈ దగ్గు ప్రయాణిస్తుంది. బోర్డెటెల్లా అయితే కుక్క దగ్గడం మానేశాక కూడా వారాల తరబడి దాని ముక్కులోంచి బయటికి వస్తూనే ఉంటుంది. రెండు వారాలైనా వేరుగా ఉంచి, డాక్టరు సరేనన్నాకే బయటికి తేవాలంటారు. రెండు వారాలు! మన ఫ్లోరులో మనకంటూ స్నేహితులు మిగలొద్దూ?

మా బ్లాకులో ఒకాయన తన లాబ్రడార్‌ని దగ్గుతుండగానే గ్రూమింగుకి తీసుకెళ్ళాడు. "ఏమైనా ఒంట్లో బాగుండలేదా సార్?" అని వాళ్ళడిగితే "అబ్బే, నీళ్ళు పొలమారాయి" అన్నాడు. నా శిష్యుడే. ఆ వారం మా లిఫ్టులో కుక్కలన్నీ ఒకే శ్రుతిలో దగ్గాయి.

ఈ భాగంలో వీధికుక్కలని మర్చిపోకూడదు. వాటికి టీకాల కార్డులుండవు, గేటు దగ్గర మన కుక్క మూతి వాసన చూసే తీరిక మాత్రం ఉంటుంది. మన ఇంటి దగ్గు వాటి పిల్లలకి, వాటి డిస్టెంపర్ మన కుక్కలకి. ఇచ్చిపుచ్చుకోవడం. డిస్టెంపర్ కూడా మొదట అచ్చం జలుబులాగే వస్తుంది: ముక్కు కారుతుంది, కళ్ళలో పుసి, జ్వరం, నీరసం. తర్వాత వాంతులు, విరేచనాలు, ఆ తర్వాత దవడ నమిలినట్టు ఆడటం, ఒళ్ళు ఎగరడం, ఫిట్స్. దానికి నేరుగా పనిచేసే మందు లేదు, టీకా ఉంది. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోతే, వాటిలో ఈ కుక్కల డిస్టెంపర్ వైరస్సే బయటపడింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సింహాల్లో మూడో వంతు దీనికే పోయాయి. సింహాలు పోతే పోయాయి, మీ కుక్కపిల్లకి కళ్ళలో పుసి కడితే మాత్రం నా సలహా ఒక్కటే: వారం చూద్దాం.

చరిత్ర నా పక్షమే

నన్ను నాటువైద్యుడని వెక్కిరించేవాళ్ళు ఈ కథ చదవాలి. డిస్టెంపర్‌కి కారణం వైరస్ అని ఫ్రాన్సులో హెన్రీ కారే 1905లోనే చెప్పాడు. చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకే అమెరికాలో ఫెర్రీ అనే శాస్త్రజ్ఞుడు రోగపు కుక్కల శ్వాసనాళాల్లో ఒక బాక్టీరియా పట్టుకుని, డిస్టెంపర్‌కి కారణం ఇదే అన్నాడు. అదే మన బోర్డెటెల్లా, కెన్నెల్ కాఫ్ దొంగ. ఒక దొంగని పట్టుకుని ఇంకో దొంగ నేరం మోపారన్నమాట. చిక్కుముడి విప్పడానికి 1920ల దాకా పట్టింది. లండన్ దగ్గర మిల్ హిల్‌లో లెయిడ్‌లా, డంకిన్ అనే ఇద్దరు ఫెరెట్లు అనే ముంగిసలాంటి జంతువుల మీద పరీక్షలు చేసి, వైరస్సే అని తేల్చి టీకా తయారుచేశారు. 1933లో అదే చోట అవే ఫెరెట్ల సాయంతో మనుషుల ఫ్లూ వైరస్‌ని కూడా పట్టుకున్నారు. తర్వాత ఒక ఫెరెట్ తుమ్మితే పరిశోధకుడికే ఫ్లూ అంటుకుంది.

చూశారా? కుక్కల జలుబు వెంటపడితే మనుషుల ఫ్లూ దొరికింది. కుక్కకీ మనిషికీ ఒకటే మందు అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? మనుషుల మామూలు జలుబు కుక్కలకి అంటదని, వాటి క్రిములు వేరని ఎవరైనా అడ్డొస్తే గొంతు పెంచండి. నేనదే చేస్తాను.

టీకా కార్డు

"అన్నీ వేయించేశాం అంకుల్, నైన్ ఇన్ వన్ కూడా" అంటారు. చాలు, కార్డు బీరువాలో పెట్టెయ్యండి. ఆ ఇంజక్షన్లో డిస్టెంపర్, పార్వో, అడినో, పారాఇన్‌ఫ్లుయెంజా ఉంటాయి గానీ బోర్డెటెల్లా ఉండదు. దానికి కెన్నెల్ కాఫ్ టీకా అని వేరే ఉంది, ముక్కులో చుక్కలుగానో ఇంజక్షనుగానో వేస్తారు. వేశాక రక్షణ రావడానికి కొంత వ్యవధి కావాలి, ఇంజక్షనైతే మొదటిసారి రెండు డోసులు పడతాయి. కాబట్టి సంక్రాంతి ప్రయాణం రోజు పొద్దున, కారు స్టార్టు చేసి ఉంచి, దారిలో క్లినిక్ దగ్గర ఆపి వేయించండి. టీకా ఖర్చు అవుతుంది, దగ్గూ వస్తుంది, ఆ తర్వాత జీవితాంతం "టీకాలు దండగ" అని అనుభవంతో చెప్పొచ్చు.

బోర్డింగు ఎంచుకునేటప్పుడు కార్డు అడగని చోటే చూడండి. అడిగేవాళ్ళకి చాదస్తం ఎక్కువ. కిటికీలున్నాయా, దగ్గే కుక్కని విడిగా పెట్టే గది ఉందా అని మీరు అడగకండి, వాళ్ళు నొచ్చుకుంటారు.

ఎప్పుడు వెళ్ళాలి

నా లెక్కలో డాక్టరు దగ్గరికి వెళ్ళే సమయం అంటూ లేదు. వెళ్ళేవాళ్ళు మరీ తొందరపడుతున్నారు. కుక్క నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి నిమిషానికి 30 దాటితే వెళ్ళిపోతారు. రెండు పూటలు తినకపోతే వెళ్ళిపోతారు. ముక్కులోంచి పచ్చగా చిక్కగా కారితే, జ్వరం 103 దాటితే, పడుకోలేక మోచేతులు బయటికి చాచి కూర్చుంటే, చిగుళ్ళు నీలంగా మారితే ఆ అర్ధరాత్రే ఆటో ఎక్కేస్తారు. నెలల పిల్లలకీ ముసలివాటికీ, పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కులవాటికీ అయితే అంతదాకా కూడా ఆగరు. పదేళ్ళ పామరేనియన్ రాత్రిళ్ళు దగ్గితే అది జలుబు కాకపోవచ్చు, గుండె పెరిగిందేమో, శ్వాసనాళం కుంగిందేమో అని ఎక్స్‌రే దాకా వెళ్తారు. దానికి కూడా కషాయమే పోసే అవకాశం నాకు లేకుండా చేస్తారు.

పైగా వెళ్ళడానికి చోట్లు కూడా ఉండటం నా దురదృష్టం. హైదరాబాదులో నారాయణగూడ పశువుల ఆస్పత్రి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం కాలేజీలు. ముందే ఫోన్ చేసి "దగ్గుతోంది" అని చెబితే మిగతా కుక్కలకి అంటకుండా మిమ్మల్ని బయటే ఆపి, విడిగా చూసే డాక్టర్లు కూడా ఉన్నారు.

మా కుక్క సీజర్ ఆరోగ్యం సంగతి చాలామంది అడుగుతుంటారు, చెప్పి ముగిస్తాను. వాడికి ఏటా డిసెంబరులోనే కెన్నెల్ కాఫ్ టీకా పడుతుంది, మెడపట్టీ బదులు హార్నెస్ ఉంటుంది, ఒక్కసారి దగ్గినా మా ఆవిడ డాక్టరుకి ఫోన్ చేస్తుంది. మా ఇంట్లో మందుల డబ్బా తాళం కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది. నా సలహా మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ వాడలేదు.